లచ్చుమమ్మ నేర్చిన పని

నాయనా నారాయణా,

నువ్వు జ్వరంతో పోయి నేటికి ఏడాదాయె. శిడ్లఘట్టలో సర్కారోళ్లు పట్టునూలు తీసేది నేర్పిస్తాంటే నీ పెండ్లాం లచ్చుమమ్మను చేర్పించినా. "ఇంటి కోడల్ని బయటికి పంపిస్తావా?" అని మీ అమ్మ నాతో మాటలే మానేసింది. దినామూ నేనే తోడు పోతాంటి. ఉడుకునీళ్లలో పట్టుగూళ్లు తిప్పి తిప్పి ఆ పిల్ల వేళ్లు బొబ్బలెక్కినాయి.

"మానేస్తావామ్మా?" అంటి.

"నేర్చుకొనే మానతా మామా" అనింది.

ఇప్పుడు జంగమకోటెలో ఆడోళ్లకి నేర్పించే పని తనకే ఇచ్చినారు. పొద్దున మీ అమ్మే సద్ది కట్టిచ్చింది. నేను చెప్పులు తొడుక్కుంటాంటే, "వద్దు మామా, నాకు దావ తెలుసు" అని ఒక్కతే బయల్దేరింది. మలుపు తిరిగేదాంకా వాకిట్లో నిలబడి చూసినా. నువ్వూ చూసింటే బాగుండు అనిపించి రాస్తాండా.

నీ నాయన