పెట్టెలో రెండు మీటలు

జూన్ 3, 1979, ఆదివారం

సామాను దిగింది. బీరువా కాలు విరిగింది. పుస్తకాలింకా వరండాలోనే. బొమ్మ కార్ల ట్రాకు పెట్టె మాత్రం నేనే మోశాను, బండివాడి చేతికి ఇవ్వలేదు.

పక్కింటి నర్సింగరావు చాయ్ గ్లాసులతో వచ్చాడు. "మంచి పని చేసిండ్రు సార్. యాకుత్‌పురా నుంచి మనోళ్ల నడుమకు వచ్చిండ్రు. ఇగ ఫికర్ లేదు."

మనోళ్లంటే ఎవరండీ? అద్దె పెంచేవాడు మనవాడా? నల్లా నీళ్లు తన ఇంటివైపు తిప్పుకునేవాడు మనవాడా? అక్కడే నిలబెట్టి వాయించాను. తలూపుతూ విన్నాడు. "చాయ్ చల్లగైతది సార్" అన్నాడు.

తాగాను. బాగుంది. కోపంగా ఉన్నప్పుడు చాయ్ బాగుండకూడదు కదా... ఏమో.

జూన్ 4, సోమవారం

అల్లర్లకు భయపడి గల్లీలు విడిచిపోవద్దు, విడిచిపోతే అవి రేపినవాళ్లే గెలిచినట్టు — మా పత్రికలో రాసింది నేను. ఆ సంచిక ఇవాళ పుస్తకాల కట్టలో పైకి తేలింది. కిందకు తోశాను.

ఇల్లు మారడం మీద మా ఆవిడ సరోజతో మళ్లీ అదే లొల్లి. "కర్ఫ్యూల పిల్లకు జ్వరమొస్తే మందు తెచ్చింది ఎవరు? నీ వ్యాసమా? మోయిన్ అన్న. లాఠీ దెబ్బ తినుకుంట తెచ్చిండు. మల్లొకసారి ఆయన్నే పంపుదామా?"

పోయి బీరువా విరిగిన కాలు కింద ఇటుక పెట్టాను.

జూన్ 6, బుధవారం

పెట్టె విప్పాను. నల్లటి ప్లాస్టిక్ ముక్కలు, ట్రాన్స్‌ఫార్మర్, ఎర్ర కారు, పచ్చ కారు. యాకుత్‌పురా దోస్తు మోయిన్‌కు వాళ్ల తమ్ముడు కువైట్ నుంచి పంపిన సెట్టు. వాళ్లింట్లో బెత్తెడు జాగా లేదని మా పాతింటి ముందు గదిలో పెట్టుకున్నాం. శుక్రవారం నమాజ్ కాగానే ఆయన సైకిలు మా గుమ్మం ముందు ఉండేది. ఎర్ర కారు నాకు కావాలని నేను. "ఎరుపంటే నీ ఒక్కనిదా, ఎడిటర్ సాబ్?" అని ఆయన. పందెం తక్కువ, వాదన ఎక్కువ.

మేం ఇల్లు మారేముందు ట్రాకు విప్పి, ముక్కల అడుగున సుద్దతో నంబర్లు వేసి, పెట్టె కట్టింది ఆయనే. "తీస్కపో. నీ ఇంట్లనే ఉండనీ."

ఇప్పుడు చూస్తే పెట్టెలో రెండు మీటలూ ఉన్నాయి.

కారు నడిపే మీట. నొక్కితే పరుగు, వదిలితే ఆగుడు. ఆయన దాన్ని 'ఘోడా' అంటాడు. ఆట అయ్యాక తన ఘోడా తీగతో సహా ఊడదీసి, కుర్తా జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోవడం ఆయన పద్ధతి. కాతిబ్ కదా, ఉర్దూ వారపత్రికకు ప్రతి పేజీ చేత్తో రాసేవాడు. కలం, ఘోడా ఇంకొకరి చేతిలో పెట్టడు.

అలాంటిది పెట్టెలో పెట్టాడు. అంటే... ఇక రానని?

జూన్ 7, గురువారం

ట్రాకు కుదరలేదు.

ఆయన నంబర్లు ఉర్దూలోనే ఉన్నాయి. అవి నాకొచ్చు. ఒకటి, రెండు, మూడు... వరసగా పేర్చాను. పెద్ద వంపు నేరుగా గడప మీదికొచ్చింది. సరోజ బిందెతో వస్తూ దానికి కాలు తగిలించుకుంది. "ఇల్లా, రైల్వే స్టేషనా ఇది?"

ఓనరును తిట్టాను. గదులు ఇంత ఇరుకుగా కట్టి అద్దెకిచ్చే వర్గాన్ని మొత్తంగా తిట్టాను. గది మాత్రం పాతదానికన్నా పెద్దదే.

జూన్ 8, శుక్రవారం

మోయిన్ రాలేదు. ట్రాకే లేదు, వస్తే మాత్రం ఏం చూపిస్తాను?

జూన్ 9, శనివారం

పత్తర్‌గట్టి బజారులో మోయిన్ కనబడ్డాడు. సిరా సీసా కొనుక్కుని వస్తున్నాడు.

"ఇల్లు ఎట్లుంది?"

"బాగానే ఉంది. నీళ్లు వస్తున్నాయి."

"ఆప్ లోగాఁ మంచి జాగాకు పోయిండ్రు."

మీరంతా! ఇన్నేళ్లలో ఆయన నన్ను 'నువ్వు' అనడం తప్ప 'మీరు' అనడం వినలేదు నేను. ఒళ్లు మండింది. ఎవరం మేమంతా, ఆ మాటకు అర్థమేంది అని అడగాలి. అడగలేదు. మున్సిపాలిటీ మీద పడ్డాను. చెత్త, దోమలు, అవినీతి. ఆయన సీసా చేతులు మార్చుకుంటూ విన్నాడు. ట్రాకు సంగతి ఆయన అడగలేదు. ఘోడా సంగతి నేనడగలేదు.

నర్సింగరావు 'మనోళ్లు' అంటే ఉపన్యాసం ఇచ్చాను. మోయిన్ 'మీరంతా' అంటే దోమల గురించి మాట్లాడాను. ఎందుకో తెలియదు.

జూన్ 11, సోమవారం

మళ్లీ పేర్చాను. మళ్లీ గడప మీదికే.

జూన్ 12, మంగళవారం

సరోజ చేటతో బియ్యం చెరుగుతూ చూస్తోంది.

"మోయిన్ అన్న రాసేది ఎటు నుంచి?"

"కుడి నుంచి. ఉర్దూ కదా."

"మరి నువ్వెటు నుంచి పెడుతున్నవ్?"

అంతా విప్పాను. ఒకటో ముక్క కుడిచేతి వైపు, కిటికీ కింద. అక్కడి నుంచి ఎడమకు. వంపు గదిలోని స్తంభాన్ని చుట్టి తిరిగొచ్చింది. గడప ఖాళీ. కిటికీ పక్కన సరిగ్గా రెండు కుర్చీలు పట్టేంత జాగా మిగిలింది.

ఇది పాత గది కొలత కాదు. ఈ గదిదే. ఇల్లు చూడటానికి నాతో వచ్చినప్పుడు ఆయన గోడ వెంట జానలు వేస్తూ నడిచాడు. చెమ్మ చూస్తున్నాడనుకున్నాను.

రెండు కుర్చీలకు జాగా వదిలినవాడు ఘోడా ఎందుకు వదిలాడు?

జూన్ 13, బుధవారం

కరెంటు పెట్టాను. ఎర్ర కారు తిరిగింది. తిరుగుతూనే ఉంది. పక్కన తొందరపెట్టేవాడు లేకపోతే వంపులో ఎగిరి కూడా పడదు. వెధవ కారు.

రెండో మీట సరోజకు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. "అది ఆయనది. పోయి ఆయన చేతికియ్యి."

జూన్ 14, గురువారం

వెళ్లాను. మోయిన్ గుమ్మంలో కూర్చుని రెల్లు కలం చెక్కుతున్నాడు. జేబులోంచి తీసి ఇచ్చాను.

"ఏంది ఇది?"

"నీ ఘోడా. పెట్టెలో వచ్చింది."

"నేనే పెట్టిన."

"ఎందుకు?"

"నువ్వెందుకు తెచ్చినవ్?"

తీగ వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి, కుర్తా జేబులో వేసుకున్నాడు. లోపలి నుంచి చాయ్ వచ్చింది. ఆయన పత్రిక సంపాదకీయం మీద గొడవ పెట్టుకున్నాను. గట్టిగానే. ఆయనా తగ్గలేదు. కాసేపు బాగుంది.

ఇంటికి రాగానే సరోజ: "రమ్మన్నవా?"

"ఘోడా ఇచ్చాను కదా. రమ్మనడమే అది."

"నీది నీకిచ్చిన, ఇగ అయిపోయింది అనుకుంటే?"

రమ్మనలేదు. అంత వాదించి ఆ ఒక్క మాట అనలేదు. ఇల్లు మారింది నేను, పిలవాల్సింది నేను. ఆయన తనంతట రావాలని ఎక్కడ రాసి ఉంది?

అయితే ఇవాళ 'నువ్వు' అన్నాడు. ఇప్పుడు తట్టింది. 'నువ్వెందుకు తెచ్చినవ్' అన్నాడు.

జూన్ 15, శుక్రవారం

నమాజ్ అయిపోయి ఉంటుంది. కరెంటు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ వెచ్చబడుతోంది. రెండు కార్లూ గీత మీద పెట్టాను, ఎర్రది ఆయన వైపు.

నర్సింగరావు వచ్చి, "ఏంది సార్ ఇది, మస్తుంది!" అంటూ కుర్చీలో కూర్చోబోయాడు.

"అది ఖాళీ లేదు" అన్నాను.

ఖాళీ కుర్చీని చూశాడు. నన్ను చూశాడు. ఎవరొస్తున్నారని అడగలేదు. పోనూ లేదు. గోడకానుకుని నిలబడ్డాడు.

గల్లీలో సైకిల్ బెల్లు. ఈ గల్లీలో సైకిళ్లు చాలా ఉన్నాయి. ఎవరిదో ఏమో... ఆగుతున్నట్టుంది —