తాళం చప్పుడు

మంగళవారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. అత్తయ్యను, మామయ్యను అడిగానని చెప్పు. ఇక్కడ అందరం బాగున్నామని రాద్దామనుకున్నాను, కలం కదల్లేదు.

నీ బెయిలు పోయిందిరా. నిన్న పై కోర్టు కొట్టేసింది. వారంలోపు నువ్వే వెళ్లి లొంగిపోవాలి, లేకపోతే వచ్చి పట్టుకెళ్తారు.

నేనేం తప్పు చేశానని అడుగుతావు. నేనూ అదే అడిగి లాయరుగారి ప్రాణం తోడేశాను. ఊళ్లో అడుగు పెట్టొద్దని బెయిలుకి షరతు పెట్టారని నాన్న కంటి ఆపరేషనుకి కూడా రాలేదు నువ్వు. సాక్షుల జోలికి పోలేదు. అవన్నీ సరేనమ్మా, బయటికొచ్చాక తప్పు చేస్తే రద్దు చేయడం వేరు, అసలు ఇవ్వడమే తప్పని కొట్టేయడం వేరు అన్నారాయన. కింది జడ్జిగారు కారణమే రాయకుండా రెండు ముక్కల్లో ఇచ్చేశారట. నువ్వు సూపర్‌వైజరుగా ఉన్న గోడౌనులో మంటల్లో కాలిపోయిన ప్యాకింగు మేస్త్రి ఆసుపత్రిలో ఇచ్చిన మరణ వాంగ్మూలం చూడనే లేదట.

పై కోర్టుకెళ్లింది ఆ మేస్త్రి భార్యే. కోర్టులో నా పక్కనే కూర్చుంది. వాళ్ల పాప నా ఒళ్లో కాళ్లు పెట్టి నిద్రపోయింది. తీయబుద్ధి కాలేదు.

జడ్జిగారు ఆ వాంగ్మూలం పైకి చదివించారు. షట్టరుకి బయటినుంచి ఎవరో తాళం వేశారు, మనిషిని చూడలేదు అని ఉంది. చూడలేదుగా అని మన లాయరుగారు ఎగిరారు. నేరం ఎవరిదో ఇప్పుడు తేల్చడం లేదు, ఇంత పెద్ద మాట పక్కన పెట్టి ఇచ్చిన బెయిలు నిలవదు అన్నారు జడ్జిగారు. అంతే, అయిపోయింది.

తాళం వేయకముందే నువ్వు ఇంటికొచ్చేశావని వీధంతా చెప్పుకొచ్చాను నేను. షరతు సడలించి నిన్ను ఇంటికి పంపిస్తారని అమ్మ నీ మంచం మీద దుప్పటి మార్చి కూర్చుంది. ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఏం చేయాలో పాలుపోవడం లేదురా.

ఇట్లు,
నీ అక్క

తా.క. పైన ఒక మాట రాయలేదు. మేస్త్రి మనిషిని చూడలేదు గానీ, విన్నాడట. తాళం వేసినవాడు దాన్ని మూడుసార్లు గుంజి, ఇక దొంగొచ్చినా ఏడుస్తూ పోవాల్సిందే అని నవ్వుకుంటూ వెళ్లాడట. కోర్టులో ఎవరికీ ఏమీ తట్టలేదు. మీవాడికి ఆ అలవాటుందా అని లాయరుగారు అడిగితే లేదన్నాను. చిన్నప్పట్నుంచీ మన గుమ్మం దగ్గర నువ్వు తాళం గుంజి ఆ మాటంటే రోజూ నవ్వింది నేనే కదరా. వెళ్లి నువ్వే చెప్పు. ఇంకోసారి అడిగితే నేను లేదనలేను.