నీలం మీద నీలం

సెప్టెంబరు 9, అల్ ఖౌద్, మస్కట్

మార్గరెట్ మేడమ్‌కు చేతులు వణుకుతాండాయి. సూదిలో దారం పోదు. ఇంగ్లండ్‌లో వాళ్ల ఊరి చర్చికి ఒక కుట్టుపని పంపల్లంట. అరవై ఇండ్ల ఊరు, ఎనిమిది నూర్లేండ్ల రాతి చర్చి. ఫోటో చూపించి చూపించి ఆ గంటగోపురం నాకు కంఠతా వచ్చేసింది. కడపలో మగ్గం పని చేసినదానివి గదా, నువ్వే కుట్టు రాబియా అనింది. వంట, బట్టలు, మందులు, ఇప్పుడు ఇదొకటి. సరే అన్నా.

సెప్టెంబరు 20

ముతక గుడ్డంతా నీలం ఉన్నితో నింపల్ల. మధ్యలో తెల్లగా చర్చి. ఎవరి దేవుడైతే ఏం, దేవుని ఇంటికి పోయే గుడ్డ. మా దర్గాకు చాదర్ ఇట్లే కుట్టి నెత్తిన పెట్టుకొని పోతాం. నేల తాకనీం.

అక్టోబరు 2

ఒక పని చేసినా. మేడమ్‌కు చెప్పలా. మూలలో నా బిడ్డ పేరు కుట్టినా, నస్రీన్ అని. ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఆ ఊరి దేవునికి అర్థం కావల్ల గదా. నీలం మీద నీలం దారం, ఎవురికీ కనపడకుండా.

ఆరేండ్లకే జ్వరంతో పోయింది. అప్పుడు నేను ఈడ మస్కట్‌లో వేరేవాళ్ల గిన్నెలు తోముతా ఉన్నా. మట్టి చేసినాంక ఫోన్ చేసినారు. దాని పేరు మీద ఒక చాదర్ కూడా ఎక్కించలా నేను. ఇదన్నా ఎక్కనీ.

అక్టోబరు 12

పార్సిల్ పోయింది. బిస్మిల్లా అని పంపినా.

నవంబరు 14

చర్చి నుంచి ఫోటో వచ్చింది. మేడమ్ మురిసిపోతా చూపించింది.

నా గుడ్డ నేల మీద ఉండాది. దిండు మాదిరి చేసి, బెంచీ కింద, రాతి నేల మీద పెట్టినారు. పక్కనే ఎవరివో బురద బూట్లు. ఏంది మేడమ్ ఇది అని అడిగితే, మోకాళ్లు నొయ్యకుండా దాని మీద మోకరించి ప్రార్థన చేస్తారంట. నెల రోజులు కుట్టినా, ఆమె ఒక్క ముక్క చెప్పలా. నేనూ అడగలా, నా బుద్ధి గడ్డి తినింది.

నా బిడ్డను తీసుకపోయి జనాల మోకాళ్ల కింద వేసినా. నా చేతులతో నేనే.

నవంబరు 15

అన్నం సయించలా.

నవంబరు 27

చర్చికి ఇంకోటి కావాలంట. కుడతా. బాగా కుడతా.

డిసెంబరు 18

మందుల చీటీలో ఆమె పేరు చూసి, అట్లే మార్గరెట్ అని కుట్టినా. నడిమధ్యలో, తెల్ల దారంతో, ఇంత లావు అక్షరాలు. ఆమె పేరు కూడా మోకాళ్ల కిందనే పడుండనీ. తిట్టి ఊరికి పంపిస్తే పంపించనీ అనుకొని చేతికిచ్చినా.

మేడమ్ నన్ను పట్టుకొని ఏడ్చింది. వాళ్ల ఊర్లో చచ్చిపోయినోళ్ల పేర్లు ఈ దిండ్ల మీదనే కుడతారంట. మోకరించే ప్రతి మనిషీ ఆ పేరు చదివి, వాళ్ల కోసం కూడా దేవుణ్ణి ఒక మాట అడుగుతాడంట. బతికుండగానే నాకీ భాగ్యం ఇచ్చినావు రాబియా అనింది.

పేరు చదివి అడుగుతారంట.

డిసెంబరు 19

తెల్ల దారం ఇంకా ఒక ఉండ మిగిలుండాది. నస్రీన్ దిండు మాత్రం ఆ ఊర్లో ఉండాది, ఎవురూ చదవలేని పేరుతో.