మొదటిది ఒక్కటే చాలు

పూజ్యులు మామగారికి, అత్తయ్యగారికి,

మీ అల్లుడు నమస్కారాలతో రాస్తున్నాను. నేనూ పాపా ఉన్నాం. బాగున్నామని రాస్తే మీరు నమ్మరు, బాగాలేమని రాస్తే అత్తయ్యగారు నిద్రపోరు. అందుకని ఉన్నాం అనే రాస్తున్నాను.

మా పంపుహౌసులో సూపర్‌వైజరు పోస్టుకి పరీక్ష పెడుతున్నారు. అందులో కొత్తరకం లెక్కలట. ప్రశ్న ఒకటి ఇచ్చి, కింద రెండు వాక్యాలిస్తారు. జవాబు ఎవరికీ అక్కర్లేదు. జవాబు చెప్పడానికి ఆ వాక్యాలు చాలుతాయో చాలవో చెబితే చాలట. పనిచెయ్యకుండా పని గురించి అభిప్రాయం చెప్పడమే సూపర్‌వైజరు ఉద్యోగం కాబట్టి, పరీక్ష కూడా అలాగే పెట్టినట్టున్నారు. మీరు జీవితమంతా లెక్కలు చెప్పినవారు. ఇది కాస్త చూడండి:

ఒక ఇంట్లో నలుగురున్నారు. వాళ్ళ సగటు వయసెంత? మొదటి వాక్యం: నలుగురి వయసులూ కలిపితే నూట ఇరవై. రెండో వాక్యం: అందరిలోకీ పెద్దాయనకి అరవై అయిదు.

సగటు అనగానే నా బుద్ధి మా ఇంటికే పోయింది. మేం ముగ్గురం ఉన్నప్పుడు ఇంటి సగటు ఇరవై ఆరు. మీ అమ్మాయి పోయాక ఇరవై రెండు. లెక్క ప్రకారం నేనూ పాపా ఒక్కరోజులో నాలుగేళ్ళు చిన్నవాళ్ళమయ్యాం. అద్దానికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మీ విధేయుడు,
అల్లుడు

తా.క. మా అక్క మీకు విడిగా రాసిన రెండో సంగతి కూడా మీరే తేల్చాలి. ఆ మాట నా చేత్తో రాయలేను. మీ అమ్మాయి పోయి రెండేళ్ళయినా, తనను కన్న మీరు సరే అనకుండా ఆ అడుగు వెయ్యను. ఒక్క ముక్కలో చెప్పినా చాలు.

---

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

కార్డు చిన్నది, నా చెయ్యి వణుకు పెద్దది. కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. నువ్వడిగినదాని గురించి బాగా ఆలోచించాను. మొదటిది ఒక్కటే చాలు. రెండోదానితో పని లేదు. మనిషిని తికమక పెట్టడానికే అలాంటివి తగిలిస్తారు.

మీ మామయ్య

తా.క. తొందరపడి రెండోదాని మీదికి పోయేవాళ్ళే ఎక్కువ మంది దెబ్బతింటారు. నా అనుభవం.

---

పూజ్యులు మామగారి పాదాలకు,

కార్డు అందింది. పంపు శబ్దంలో నిలబడి చదివాను. మూడుసార్లు చదివినా ముక్క మారలేదు.

మీరన్నది నిజమే. మొదటిదానితో నాకు ఏ లోటూ లేకపోయింది. ఆ జాగాలో ఇంకోదాన్ని ఊహించుకోవడమే నా తప్పు. రెండోది మానుకున్నాను. అక్కతో కూడా చెప్పేశాను, రెండురోజులుగా నాతో మాట్లాడటం లేదు. పాపకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. పిచ్చిది, చాలా ఆశ పెట్టుకుంది.

మీ మాట జవదాటని,
అల్లుడు

తా.క. మీ అనుభవం అని రాశారు. అత్తయ్యగారికి ఈ విషయం తెలుసా? నేనెవరికీ చెప్పను.

---

చిరంజీవి అల్లుడికి,

నీ ఉత్తరం చూస్తే నాకు దిగులేసింది. చేతగానివాళ్ళకు చెప్పడం తేలిక. నీలా అతిగా వినేవాళ్ళకు చెప్పడమే కష్టం.

రెండోదాన్ని మానుకోమని నేనెక్కడన్నాను? అసలు చూడకుండా వదిలేస్తావా? పద్ధతి చెబుతాను, జాగ్రత్తగా విను. ముందు మొదటిదాన్ని ఒక్కదాన్నే చూడు. తర్వాత మొదటిదాన్ని పూర్తిగా మరిచిపోయి, రెండోదాన్ని ఒక్కదాన్నే చూడు. రెంటిలో ఏ ఒక్కటీ చాలకపోతే, అప్పుడు రెంటినీ కలిపి చూడు. నా దగ్గర చదువుకున్నవాళ్ళంతా ఇలాగే పైకొచ్చారు.

పాపకి ఇవన్నీ ఇప్పుడెందుకు? దానికింకా కూడికలే కుదురుగా రావు.

మీ మామయ్య

తా.క. మీ అత్తయ్యకు తెలియకపోవడమేం, పెళ్ళయిన కొత్తలో నా పక్కన కూర్చుని రోజుకు పదేసి చూసేది.

---

మామగారికి,

ఈసారి కుశల ప్రశ్నలు రాయడానికి చెయ్యి ఆడటం లేదు. మీరంటే నాకున్న గౌరవం ఎక్కడికీ పోదు. కానీ మొదటిదాన్ని పూర్తిగా మరిచిపొమ్మని మీరే ఎలా రాయగలిగారు? పైగా కలిపి చూడమనా? నా పెంపకం అలాంటిది కాదు. పక్కపక్కన పెట్టి పోల్చడమే పాపమనిపిస్తోంది నాకు.

ఇక ఈ ప్రస్తావన వద్దు.

అల్లుడు

తా.క. అత్తయ్యగారి ఓర్పుకి నా నమస్కారాలు.

---

చిరంజీవి అల్లుడికి,

ఇందులో పాపమేమిటి, పెంపకమేమిటి? నీకు జ్వరంగానీ వచ్చిందా? నా దగ్గరికొచ్చినవాళ్ళు గంటకి ఇరవై తేల్చి పారేసేవారు. నువ్వు ఒక్కదానికే ఇంత తల్లడిల్లితే ఎలా? ఒకటి తేలకపోతే వదిలేసి పక్కదానికి వెళ్ళిపోవాలి. ఒక్కదాన్నే పట్టుకుని వేలాడితే సమయం మించిపోతుంది.

మీ మామయ్య

తా.క. బిడియం అంతగా ఉంటే చెప్పు. మా వీధిలో ఒక కుర్రాడికి ఇందులో మంచి చెయ్యి ఉంది. నీ బదులు అతను చేసిపెడతాడు.

---

పూజ్యులు మామగారికి,

సిగ్గుతో చచ్చిపోయి రాస్తున్నాను.

మీ ఉత్తరం అక్క ముందు పడేసి, "చూడవే, పెద్దాయనకి మతి పోయింది" అన్నాను. అక్క చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి, "నేను ఆయనకి ఏమీ రాయలేదురా. కూతురు పోయిన మనిషికి ఆ మాట రాయడానికి నాకు చేతులు రాలేదు. రాశానని నీకు అబద్ధం చెప్పాను" అంది.

అంటే ఇన్నాళ్ళూ మీరు లెక్క గురించే రాశారు. నేను రెండో పెళ్ళి గురించి అడిగాను.

ఆమె మా వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తుంది. భర్త పోయాడు. పాపకి కళ్ళజోడు చేసిచ్చింది ఆమే. మీ కార్డు వచ్చాక నేను ఆ షాపు వైపు వెళ్ళడమే మానేశాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? ఆమె ఏమనుకుంటోందో తలుచుకుంటే పంపు ఆపడం కూడా మరిచిపోతున్నాను. నిన్న సగం పేట మునిగింది.

క్షమించండి. మిమ్మల్ని బాధపెట్టే మాట ఇలా తప్పు దారిలో వచ్చి మీ గుమ్మం ఎక్కింది.

మీ అల్లుడు

తా.క. పరీక్ష రాశాను. సగటు లెక్కలన్నిటికీ "రెండూ కలిపినా చాలవు" అని పెట్టి వచ్చాను. ఆ రోజు నాకు లోకంలో ఏదీ చాలినట్టు అనిపించలేదు.

---

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీ తాజా కలంలో "అడుగు" అంటే సూపర్‌వైజరు పోస్టనుకున్నాను. ఇంతకాలం లెక్కలు చెప్పి, ప్రశ్న సరిగ్గా చదవలేదు.

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. అమ్మాయి పోయిందని తెలుసు. కానీ దాని జాగా ఖాళీగా ఉన్నంతకాలం, ఎక్కడికో వెళ్ళింది వస్తుందిలే అని మనసులో ఓ మూల ఉండేది. నీ ఉత్తరంతో ఆ మూల కూడా మూసుకుపోయింది.

అయినా నా కార్డు చెడగొట్టిన పనిని నేనే చక్కబెట్టాలి. మర్నాడు బస్సెక్కి మీ ఊరు వచ్చాను. నువ్వు డ్యూటీలో ఉండే వేళ చూసుకునే వచ్చాను. షాపులో ఆవిడ తలొంచుకుని అద్దం అరగదీస్తోంది.

"అమ్మా, నేను పంపుహౌసతని మామగార్ని. జరిగినదాంట్లో అతని తప్పు లేదు. అంతా నా పోస్టుకార్డు చేసింది. పెళ్ళి మాట మీరు మనసులోంచి తీసెయ్యకండి" అన్నాను.

ఆవిడ మెషిను ఆపింది. "ఏ పెళ్ళండీ?"

"మీదేనమ్మా."

"నాదా? ఎవరితోనండీ?"

ఒరే అబ్బాయ్! మీ అక్కని అడిగావు. నన్నడిగావు. పసిపిల్లకి ఆశ పెట్టావు. ఆవిడ్ని అడగలేదట్రా! ఆవిడకి తెలిసిందల్లా, పంపుహౌసాయన వారం వారం కళ్ళజోడు మర బిగించమని వచ్చేవాడు, ఈమధ్య రావడం లేదు. "మర కుదురుకుందేమో అనుకున్నానండీ" అంది.

నా జన్మలో అంత తల దించుకోలేదు. వెనక్కి తిరిగాను. "కూర్చోండి" అని స్టూలు జరిపింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. నా కళ్ళజోడు అడిగి తీసుకుని తుడుస్తూ, "మీ అమ్మాయి ఎలా ఉండేదండీ?" అంది.

ఎలా పోయిందని అందరూ అడిగారు. ఎలా ఉండేదని ఈ రెండేళ్ళలో ఎవరూ అడగలేదు, నువ్వూ నేనూ కూడా ఆ మాట చెప్పుకోలేదు. చెప్పాను. తొమ్మిదో ఎక్కం దగ్గర ఏడ్చేదని, మెట్లు దిగుతూ పాడేదని, నా మీద కోపమొస్తే గోడతో మాట్లాడేదని. కళ్ళజోడు లేదు కదా, ఆవిడ ముఖం నాకు మసకగానే కనిపించింది. వింటోందని మాత్రం తెలిసింది. షట్టరు దించే వేళ దాకా చెబుతూనే ఉన్నాను. బస్సు తప్పిపోయింది, రాత్రి బస్సుకి ఇల్లు చేరాను.

ఆవిడ ఒప్పుకుంటుందో లేదో నేనడగలేదు. అది నువ్వడగాల్సిన మాట. నేను మాత్రం ఒప్పుకున్నాను. వెళ్ళు.

మీ మామయ్య

తా.క. నా కళ్ళకి నంబరు మారిందట. కొత్త అద్దాలు చేయమని చెప్పి వచ్చాను. అవి తీసుకునేది నువ్వేనని కూడా చెప్పాను. మీ అత్తయ్యకి సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కుతుంది. అయినా పొద్దున్నించీ కళ్ళు మసకలంటూ, వారంలోగా ఆ షాపుకే తీసుకెళ్ళమంటోంది.