గొట్టంలో మిగిలిన నీళ్లు

గుఢియారీ, రాయపూర్
2 ఫిబ్రవరి 2022

చిరంజీవి వివేక్‌ని మామ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి. నీ పెళ్లాం పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని నా ఇంటికొచ్చి ఏడుస్తోంది కనుక రాయను. నువ్వు నయా రాయపూర్‌లో కూర్చుని నా ఫోను ఎత్తవు కనుక ఈ ఉత్తరం.

ముందు నీ తప్పు దిద్దాలి. మేరా తో ఆపరేషన్ హో గయా, ఈ కడుపు ఎవరిదో నువ్వే చెప్పు అన్నావట పూర్ణిమతో. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన రోజు నుంచే మగాడు నిశ్చింత అని ఎవర్రా నీకు చెప్పింది? రైల్వే స్కూల్లో ఊరి పిల్లలందరికీ జీవశాస్త్రం చెప్పాను, ఇంటి పిల్లాడే తప్పాడు.

మేడ మీద ట్యాంకు వాల్వు కట్టేసినా గొట్టంలో మిగిలిన నీళ్లు వస్తూనే ఉంటాయి. ఇదీ అంతే. మూడు నెలలు ఆగాలి, అందాకా నిరోధ్ వాడాలి, తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాలి. నీ ఆపరేషన్ నవంబరు ఆఖర్న. ఆ పిల్లకి ఇప్పుడు రెండో నెల. లెక్క నువ్వే వేసుకో.

పూర్ణిమ కాపర్-టీ వేయించుకుంటే ఆ రోజు నుంచే పనిచేసింది. మాత్రలైనా నెలసరి మొదట్లో వేసుకుంటే వెంటనే, మధ్యలో అయితే వారం ఆగాలి. ఆడవాళ్లవే అంత త్వరగా పనిచేస్తే తనది ఇంకెంత అనుకున్నాడు కాబోలు మొనగాడు! ఆమెకి రక్తం ఎక్కువ పోతోందని కాపర్-టీ తీయించి నువ్వు ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు మెచ్చుకున్నాను. ఆ మెప్పు వాపసు తీసుకుంటున్నాను.

ఇంకో అనుమానం. డిసెంబరులోనే టెస్ట్ భీ హో గయా, సబ్ క్లియర్ అన్నావట ఆమెతో. నెల తిరక్కుండా ఏ ల్యాబువాడు పిలిచాడు నాయనా? ఆసుపత్రి ల్యాబులో కూర్చునేది ఉమేష్ కదూ, మన గణేశ్ పందిట్లో నీ పక్కన డప్పు వాయించేవాడు? వాడి చేతికి ఆ సీసా ఇవ్వడానికి సిగ్గేసి ఆ గడపే తొక్కలేదు నువ్వు. ఆ సిగ్గు మూటగట్టి పెళ్లాం నెత్తిన పెట్టావు.

గడువు నిండగానే పరీక్షకి వెళ్లు. ఉమేష్ మొహం చూడలేకపోతే శంకర్ నగర్‌లో వేరే ల్యాబులున్నాయి. పూర్ణిమ కాళ్లు పట్టుకోవడానికి మాత్రం ఏ రిపోర్టూ అక్కర్లేదు, ఇవాళే రా.

నీ మామ్మ,
సుభద్ర

తా.క.: రైల్వేవాళ్ల క్యాంపులో ఆపరేషన్ చేయించుకొచ్చి, తర్వాత నా కడుపు చూసి మీ తాతయ్యా ఇదే ప్రశ్న అడిగాడు. పురిటి మంచం దగ్గర బిడ్డకి తన చేట చెవులే కనిపించాక నోరు మూసుకున్నాడు. ఆ బిడ్డ మీ నాన్న. ఆ చెవులే నీకూ ఉన్నాయి, ఒకసారి వినడానికి వాడు.

వచ్చేటప్పుడు మా బజారులో పుల్ల రేగుపళ్లు పట్టుకురా. ఆ పిల్ల నోటికి ఇంకేమీ సహించడం లేదు. మెత్తబడినవి తేకు.