అరువు రక్తం

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్లో అయితే మీ వదిన చెవిన పడుతుందని ఉత్తరం రాస్తున్నాను. చదివి చింపెయ్. నాకు షుగరు వచ్చిందిరా. పరగడుపున రెండొందల నలభై. డాక్టరు జలుబు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేనైతే ఆ పూట రెండు స్టాపుల్లో బస్సు ఆపడమే మర్చిపోయాను. ఇరవై ఆరేళ్లుగా బస్సు తోలుతున్నవాణ్ని.

వచ్చే నెల డిపోలో డ్రైవర్లందరికీ రక్తపరీక్ష. అందులో బయటపడితే బండి దింపి ఏదో గదిలో కూర్చోబెడతారు. ఆ బతుకు నాకొద్దు. మనిద్దరిదీ ఒకే మొహం, ఒకే బట్టతల. నా గుర్తింపు కార్డు పట్టుకెళ్లి నువ్వు రక్తం ఇచ్చి రా. బుద్ధెరిగాక నువ్వు ఆసుపత్రి గడప తొక్కిందే లేదు. కాదనకు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి కుట్టుమిషను ఆపేసి వెంటనే జవాబు రాస్తున్నాను. నీకు షుగరేమిటి అన్నయ్యా? నువ్వు చెప్పింది తప్పు పని, నీకూ తెలుసు. కానీ నాన్న పోయాక నన్ను టైలరు దగ్గర చేర్పించి మనిషిని చేసింది నువ్వు. నీ మాట ఎప్పుడు కాదన్నాను గనక? వస్తాను.

నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఈ మధ్య సన్నబడ్డాను కూడా. అందరి చొక్కాలూ వదులు చేసి ఇస్తూ, నావి మాత్రం బిగించి కుట్టుకుంటున్నాను. పెళ్లికొడుకులా తయారయ్యావని నీ మరదలు ఏడిపిస్తోంది. ఎండలకి కాబోలు, కడివెడు నీళ్లు తాగినా దాహం తీరట్లేదు. నువ్వు మాత్రలు మానకు. వదినకి చెప్పెయ్, దాచకు.

ఎప్పటికీ నీ వాడే
తమ్ముడు

*

తమ్ముడూ,

రిపోర్టు వచ్చింది. నాలుగొందల పన్నెండు. జబ్బున్న నాకే రెండొందల నలభై అయితే, ఏ జబ్బూ లేని నీకు అంత ఎలా వస్తుంది? పరగడుపున వెళ్లమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. దారిలో ఏ మిఠాయి కొట్టు దగ్గరో ఆగి ఉంటావు.

నన్ను బండి దింపేశారు. జనం బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు, సంచులు పుస్తకంలో రాసుకునే పని ఇచ్చారు. నా బస్సుని వేరేవాడు తోలుకెళుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటున్నాను. మీ వదినకి అంతా తెలిసిపోయింది, దాచినందుకు నాతో మాట్లాడటం లేదు. నా బతుకు నీ చేతిలో పెడితే ఇలా చేశావు. ఇక ఉత్తరాలు రాయకు.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యా,

వద్దన్నావు, అయినా రాస్తున్నాను. నీ మాటలకి రోషం వచ్చి నాలుగు నెలలు ఊరుకున్నాను. ఆ రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లాను. ల్యాబు వాళ్లే ఎవరి సీసాతోనో తారుమారు చేశారనుకున్నాను. నీకు కోపం, నాకు రోషం. ఆ అంకె నాదే కావచ్చని మనిద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

పోయిన నెల మిషను కింద పడున్న సూది అరికాల్లో దిగింది. నాకు తెలియనే లేదు. నేల మీద రక్తం మరకలు చూసి నీ మరదలు చెప్పింది. అది పుండైంది, పుండు నల్లబడింది. మొన్న ఎడమ పాదం తీసేశారు. షుగరు చాలా ఏళ్లుగా ఉండి ఉంటుందన్నారు. మిషను తొక్కే కాలు అదే అన్నయ్యా. ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఇది రాస్తుంటే ఏడుపు ఆగడం లేదు.

నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. ఆ రిపోర్టు చూసినప్పుడు 'ఒరే, నువ్వోసారి డాక్టరుకి చూపించుకో' అని ఒక్క ముక్క రాసి ఉంటే ఎంత బావుండేది. పోనీ, నాకు మాత్రం బుద్ధుందా? ఒకసారి వచ్చి నా పక్కన కూర్చో. నీ అరికాళ్లు రోజూ చూసుకో, కంటికి కనపడకపోతే వదినని చూడమను.

ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా రక్తపరీక్ష చేయించుకోలేదా అని ఇవాళ డాక్టరు అడిగాడు. చేయించుకున్నాను, మా అన్నయ్య పేరు మీద అని చెప్పాను.

నీ కోసం ఎదురుచూసే
తమ్ముడు