బాపు చూడని చివరి రీలు

బాపూ,

నిన్న ఇక్కడ నిజామాబాద్‌లో నీ సంవత్సరికం పెట్టాం. వచ్చినవాళ్లందరికీ వండి వడ్డించేసరికి నా కాళ్లలో సత్తువ లేదు. మధ్యాహ్నం గోడకు ఆనుకుని కూలబడితే, టీవీలో నీకిష్టమైన సినిమా వచ్చింది. అదే, ఆ బ్లాక్ అండ్ వైట్ హత్య సినిమా.

చెరకు క్రషింగ్ సీజన్‌లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, ఒళ్లంతా చెరకు మడ్డి వాసనతో వచ్చేవాడివి. ప్రతిసారీ అదే క్యాసెట్ అద్దెకు తెచ్చేవాడివి. వాన కురిసే వీధి, టోపీ నీడలో సగం ముఖం, చీకట్లో ఎవరిదో సిగరెట్ నిప్పు.

"సూడు బిడ్డా, ఎవర్ని సూసినా అనుమానమే వస్తది" అని మురిసిపోయేవాడివి. సరిగ్గా హంతకుడు దొరికే ముందు గురక పెట్టేవాడివి. పొద్దున మేం ఆ పేరు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడివి.

"చెప్పకుండ్రి. మల్ల సూస్త."

నీకు హంతకుడితో పనే లేదని నాకప్పుడు తెలియదు. యంత్రాల మోతలోంచి వచ్చిన మనిషికి ఆ నీడలూ, ఆ నెమ్మదీ చాలని, నిన్న పొయ్యి సెగలోంచి వచ్చి కూర్చున్నాక తెలిసింది.

సినిమా సరిగ్గా అక్కడికి రాగానే నేనూ నిద్రపోయాను బాపూ. లేచేసరికి సినిమా అయిపోయింది. మొదటిసారి చూసిన నా కూతురు ఉరికొచ్చింది.

"అమ్మా, సంపింది ఎవరో చెప్పాల్నా?"

ఆ పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా చెయ్యి అడ్డం పెట్టాను.

"చెప్పకు బిడ్డా. మల్ల సూస్త."